చూసి ఊడ్చుదాం

నెలగంట పెట్టారు. సంక్రాంతి ఇంకా నెల రోజులు ఉంది. అంజమ్మ ఇల్లు దులపడం మొదలుపెట్టింది. అటక మీది సామానంతా కిందికి దించింది. చిరిగిన చాపలు, విరిగిన బుట్టలు, చెదలు పట్టిన చెక్కలు భోగి మంటకు పక్కన పెట్టింది. పాత ట్రంకు పెట్టె తెరిచి చూసింది. అందులో పొలం పాస్‌బుక్ ఉంది. దాన్ని పాత చీరలో చుట్టి మళ్ళీ పెట్టెలోనే పెట్టింది.

అంజమ్మకు నలభై అయిదేళ్ళు. మూడేళ్ళ కిందట చదువుల కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. సంఘం పుస్తకంలో తన పొదుపు లెక్క తానే చూసుకుంటుంది. అంకెలైతే ఇంకా బాగా వచ్చు.

ఆమె భర్త 2021 మే నెలలో కరోనాతో చనిపోయాడు. ఒక్కతే కూతురు స్వాతి. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. కూతురి చదువు కోసం అంజమ్మ పట్నంలో ఒక పాత కంప్యూటర్ కొన్నది. సంఘంలో అప్పు తీసుకుని కొన్నది. ఆ అప్పు నెలనెలా కట్టి తీర్చింది.

ఇప్పుడు ఆ కంప్యూటరే మొరాయించింది.

జాగా లేదు

స్వాతి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాలి. కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. స్వాతి కాగితం స్కాన్ చేసి దాచబోయింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు. డిస్క్‌లో జాగా లేదని తెర మీద వచ్చింది.

పక్కింటి రవి వచ్చి చూశాడు.

"ఇది నిండిపోయింది అత్తా. ఫార్మాట్ కొట్టేద్దాం. అరగంటలో కొత్తదానిలా అయిపోతుంది" అన్నాడు.

"ఫార్మాట్ అంటే ఏంట్రా?"

"లోపల ఉన్నవన్నీ తుడిచేయడం."

"అన్నీ అంటే? మా కాగితాలు కూడానా?"

రవి తల గోక్కున్నాడు. "అవీ పోతాయి అత్తా" అన్నాడు.

"అయితే వద్దు. ఇల్లు నిండిందని ఇల్లు తగలబెట్టుకుంటామా? రేపు పద్మ వస్తుంది. ఆమెను అడుగుదాం" అంది అంజమ్మ.

పద్మ సంఘం లెక్కలు రాస్తుంది. మండలంలో కంప్యూటర్ నేర్చుకుంది.

స్వాతికి తొందరగా ఉంది. గడువు దగ్గర పడుతోంది. ఆ రాత్రి తల్లి పడుకున్నాక తనే కూర్చుంది. పెద్ద పెద్ద ఫైళ్ళు వెతికింది. కొన్ని వీడియోలకు పేర్లు లేవు. అన్నీ అంకెలే. "ఇవేవో పనికిరానివి" అనుకుంది. పదకొండు వీడియోలను డిలీట్ చేసింది.

అయినా జాగా పెరగలేదు. మళ్ళీ అదే మాట తెర మీద కనిపించింది. స్వాతికి ఏమీ అర్థం కాలేదు.

సామాన్ల గది, వంట గట్టు

మర్నాడు పద్మ వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుంది. అంజమ్మ కూడా స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

పద్మ "దిస్ పీసీ" అనేది తెరిచింది. "సి డ్రైవ్" అని ఉంది. దాని కింద ఒక గీత ఉంది. గీత చివరిదాకా ఎర్రగా ఉంది.

"అక్కా, ఈ అంకెలు చదువు" అంది పద్మ.

"118 జీబీ. అందులో ఖాళీ 1 జీబీ" అని చదివింది అంజమ్మ. "జీబీ అంటే ఏంటి?"

"బియ్యం కిలోల్లో కొలుస్తాం. పాలు లీటర్లలో కొలుస్తాం. కంప్యూటర్‌లో దాచేవాటిని ఎంబీ, జీబీల్లో కొలుస్తారు. 1024 ఎంబీలు కలిస్తే ఒక జీబీ. ఫోన్‌తో తీసిన ఫోటో ఒకటి మూడు, నాలుగు ఎంబీలు ఉంటుంది. ఒక నిమిషం వీడియో వంద ఎంబీల దాకా ఉండొచ్చు. ఒక సినిమా రెండు జీబీలు కూడా ఉంటుంది."

"అంటే ఫోటో గిద్దెడు. సినిమా బస్తాడు."

"అంతే అక్కా. అందుకే జాగా కావాలంటే ముందు బస్తాలు చూడాలి. గిద్దెలు ఏరుకుంటూ కూర్చుంటే తెల్లవారిపోతుంది."

పద్మ ఇంకో సంగతి కూడా చెప్పింది. కంప్యూటర్‌లో రెండు రకాల చోట్లు ఉంటాయి. ఒకటి డిస్క్. అది సామాన్ల గది లాంటిది. కరెంటు పోయినా అందులోవి అలాగే ఉంటాయి. రెండోది ర్యామ్. అది వంట గట్టు లాంటిది. పని చేసేటప్పుడు కావలసినవి అక్కడ పెట్టుకుంటుంది. కంప్యూటర్ ఆపగానే ఆ గట్టు ఖాళీ అవుతుంది. ఇప్పుడు నిండింది సామాన్ల గది. అది పూర్తిగా నిండితే కొత్తవి దాచలేం. విండోస్‌కు వచ్చే మరమ్మతులు కూడా ఎక్కవు. వాటినే అప్‌డేట్లు అంటారు. కంప్యూటర్ నీరసంగా నడుస్తుంది.

"ఊడిస్తే కొత్తదానిలా పరుగెత్తుతుందా?" అని అడిగింది స్వాతి.

"జాగా వస్తుంది. నిండడం వల్ల వచ్చిన నీరసం పోతుంది. అంతేగాని ముసలి ఎద్దు కోడెదూడ అవుతుందా?" అని నవ్వింది పద్మ.

చెత్తబుట్టలో భోగి

"నిన్న రాత్రి పదకొండు వీడియోలు తీసేశాను వదినా. అయినా జాగా రాలేదు. ఎందుకని?" అంది స్వాతి.

పద్మ తెర మీద చెత్తబుట్ట బొమ్మ చూపించింది. దాని పేరు రీసైకిల్ బిన్.

"డిలీట్ నొక్కగానే ఫైలు ఇల్లు దాటి పోదు. ఈ బుట్టలోకి వస్తుంది. బుట్ట ఇంట్లోనే ఉంది కదా. అందుకే జాగా పెరగదు. బుట్టను ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది."

బుట్టలో 9 జీబీలు ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచో తీసేసినవన్నీ అందులోనే ఉన్నాయి.

"అయితే ఇప్పుడే ఖాళీ చేసేద్దాం" అంది స్వాతి. మౌస్ మీద చెయ్యి వేసింది.

"ఆగవే. మనం చేట కూడా చూడకుండా దులపం. అందులో ఏమున్నాయో చదవనీ" అంది అంజమ్మ.

బుట్ట తెరిచారు. వరుసగా పేర్లు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు అంజమ్మకు రావు. కానీ అంకెలు వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"ఇదేంటి, 20210113 అని ఉంది?"

"ఏదో నంబరు అమ్మా."

"నంబరు కాదు. 2021. తర్వాత 01, అంటే మొదటి నెల. తర్వాత 13. జనవరి పదమూడు." అంజమ్మ గొంతు తగ్గింది. "ఆ ఏడు భోగి ఆ రోజే వచ్చింది."

ఎవరూ మాట్లాడలేదు.

ఫోన్‌తో వీడియో తీస్తే చాలా ఫోన్లు తేదీనే దానికి పేరుగా పెడతాయి. ముందు ఏడు, తర్వాత నెల, తర్వాత రోజు. ఆ సంగతి స్వాతికి తట్టలేదు. తండ్రి ఫోన్ పాడైపోతుంటే అందులోవన్నీ ఈ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. చూస్తే ఏడుపు వస్తుందని తెరవలేదు. రానురాను ఎక్కడ ఉన్నాయో కూడా మరిచిపోయారు. ఆ ఫోన్ ఇప్పుడు లేదు. ఆ వీడియో ఇంకెక్కడా లేదు.

పద్మ ఆ పేరు మీద మౌస్ పెట్టి కుడి వైపు మీట నొక్కింది. "రెస్టోర్" అనే మాట వచ్చింది. దాన్ని నొక్కింది. వీడియో బుట్టలోంచి లేచి మొదట ఉన్న చోటికే వెళ్ళింది. అంకెలు చూసి అలాంటివి ఇంకో రెండు తీశారు. మూడూ కలిపి 1 జీబీ అయ్యాయి.

మొదటిది తెరిచారు. తెల్లవారుజామున భోగి మంట. మంట చుట్టూ పిల్లలు. చేతిలో పిడకల దండతో స్వాతి. వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "దగ్గరికి పోకమ్మా, దూరం నుంచే వెయ్యి." అదే ఆయన గొంతు.

అంజమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. స్వాతి తల్లి చెయ్యి పట్టుకుంది. "చూడకుండా తీసేశానమ్మా" అంది.

"పోలేదుగా. ఇక మీదట చూసి తీద్దాం" అంది అంజమ్మ.

బుట్టలోకి రానివి కూడా ఉన్నాయి

"బుట్ట ఉందని ధీమా పడకూడదు" అని పద్మ హెచ్చరించింది. కొన్ని ఫైళ్ళు బుట్టలోకి రావు. నేరుగా పోతాయి.

పెన్‌డ్రైవ్‌లోది డిలీట్ చేస్తే మామూలుగా బుట్టలోకి రాదు. కెమెరా మెమరీ కార్డు సంగతీ అంతే. కీబోర్డు మీద షిఫ్ట్, డిలీట్ మీటలు రెండూ కలిపి నొక్కినా బుట్టలోకి రాదు. బుట్టలో పట్టనంత పెద్ద ఫైలు కూడా రాదు. అలాంటప్పుడు కంప్యూటర్ ఒక మాట అడుగుతుంది. అందులో "పర్మనెంట్‌లీ" అని ఉంటుంది. అంటే శాశ్వతంగా అని అర్థం. ఆ మాట కనబడితే చెయ్యి ఆపాలి. మళ్ళీ చదవాలి. ఆ తర్వాతే నొక్కాలి.

విండోస్‌లో "స్టోరేజ్ సెన్స్" అనే ఏర్పాటు ఉంది. దాన్ని ఆన్ చేసి పెడితే అది తనంతట తానే ఊడుస్తుంది. మామూలుగా ముప్ఫై రోజులు దాటినవాటిని బుట్టలోంచి తీసేస్తుంది. కాబట్టి బుట్టను బీరువాలా వాడుకోకూడదు.

కొన్ని ఫైళ్ళ పక్కన మబ్బు గుర్తు ఉంటుంది. అవి ఇంటర్నెట్‌లోని ఖాతాతో ముడిపడి ఉన్నాయని అర్థం. వాటిని ఇక్కడ తీసేస్తే ఆ ఖాతాలోంచి కూడా పోతాయి. ఫోన్‌లో కూడా కనబడవు.

నాలుగు కుప్పలు

ధాన్యం తూర్పారబడితే గింజ ఒకవైపు, పొట్టు ఒకవైపు పడతాయి. పద్మ కంప్యూటర్‌లోవన్నీ నాలుగు కుప్పలు చేయించింది.

మొదటి కుప్ప చిత్తు ఫైళ్ళు. వడ్రంగి బల్ల చేస్తే కింద చెక్కపొట్టు పడుతుంది. కంప్యూటర్ పని చేసినా అలాగే చిత్తు ఫైళ్ళు పోగవుతాయి. వాటిని టెంపరరీ ఫైల్స్ అంటారు. వాటిని తీయడానికి విండోస్‌లోనే దారి ఉంది. ముందు సెట్టింగ్స్ తెరవాలి. అందులో సిస్టమ్, దానిలో స్టోరేజ్, దానిలో టెంపరరీ ఫైల్స్. అక్కడ ఒక పట్టిక వస్తుంది. ఒక్కో పేరు పక్కన చిన్న గడి ఉంటుంది. గడిలో టిక్కు పెట్టినవి మాత్రమే పోతాయి.

"ఇక్కడే ఒక గుంట ఉంది" అంది పద్మ. "ఈ పట్టికలో డౌన్‌లోడ్స్ అనే పేరు కూడా ఉంటుంది. అది చిత్తు కాదు. ఇంటర్నెట్ నుంచి మనం దించుకున్నవన్నీ అందులోనే ఉంటాయి. దానికి టిక్కు పెట్టామో, స్వాతి సర్టిఫికెట్లు కూడా పోతాయి."

స్వాతి ఆ గడిని ఖాళీగా వదిలేసింది. మిగతా చిత్తు తీసేసింది. 6 జీబీల జాగా వచ్చింది.

రెండో కుప్ప దించుకుని మరిచిపోయినవి. డౌన్‌లోడ్స్ తెరిచి, పెద్దవి పైకి వచ్చేలా సైజు వరసలో పెట్టారు. చూసేసిన సినిమాలు మూడు ఉన్నాయి. అవి 6 జీబీలు. ఎప్పుడో ఎక్కించిన ప్రోగ్రాముల మూటలు 1 జీబీ. ఒకటే వీడియో రెండు మూడుసార్లు దించుకున్నవి 2 జీబీలు. స్వాతి కుల ధ్రువపత్రమే ఆరుసార్లు ఉంది. పేరు చివర 1, 2, 3 అని అంకెలు ఉన్నాయి.

"ఐదు తీసేయనా?" అంది స్వాతి.

"తెరిచి చూడు. ఆరూ ఒకటేనా?" అంది అంజమ్మ.

తెరిచి చూశారు. ఐదు ఒకటే. ఆరోది ఆదాయ ధ్రువపత్రం. పేరు మాత్రం అదే పడింది. దరఖాస్తుకు కావలసింది కూడా అదే. ఆ ఒక్కటీ తీసేసి ఉంటే మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేది.

మూడో కుప్ప వాడని ప్రోగ్రాములు. రవి ఎక్కించిన ఆట ఒకటి 14 జీబీలు తింటోంది. రవిని పిలిచి అడిగారు. "ఇప్పుడు ఆడడం లేదు అత్తా, తీసేయండి" అన్నాడు. ప్రోగ్రాములను ఫోల్డర్‌లోకి వెళ్ళి డిలీట్ చేయకూడదు. చెట్టు నరికితే వేరు మిగిలినట్టు, ముక్కలు మిగిలిపోతాయి. సెట్టింగ్స్‌లో యాప్స్ అనే చోటికి వెళ్ళాలి. అక్కడ పేరు వెతికి అన్‌ఇన్‌స్టాల్ నొక్కాలి. అప్పుడు పద్ధతిగా పోతుంది.

నాలుగో కుప్ప ముట్టుకోకూడనివి. సి డ్రైవ్‌లో విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్లు ఉంటాయి. అవి ఇంటికి స్తంభాలు, దూలాల వంటివి. పేరు అర్థం కాలేదని అందులోవి తీసేస్తే కంప్యూటర్ లేవకపోవచ్చు. మనం చేసినది కాకపోతే, ఏమిటో తెలియకపోతే అలాగే వదిలేయాలి.

ఎవరివో ఫోటోలు

ఒక మూల ఇంకో ఫోల్డర్ కనిపించింది. తెరిస్తే ఎవరివో పెళ్ళి ఫోటోలు. ఎవరిదో ఆధార్ కార్డు. ఎవరిదో బ్యాంకు పుస్తకం. స్వాతి తెల్లబోయింది.

"కంప్యూటర్ ముందు వాడినవాళ్ళవి. అమ్మేటప్పుడు తుడవకుండా ఇచ్చేశారు" అంది పద్మ.

"పాపం, ఎవరి ఇంటి గుట్టో మన ఇంట్లో పడి ఉంది. చూడకు. తీసేయి" అంది అంజమ్మ.

అది 2 జీబీలు ఉంది.

పద్మ దాని మీద ఒక మాట చెప్పింది. బుట్ట ఖాళీ చేసినా ఫైలు వెంటనే చెరిగిపోదు. ఆ చోటు ఖాళీ అని కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. పలక మీద పాత అక్షరం లీలగా మిగిలినట్టు అన్నమాట. తెలిసినవాళ్ళు కొన్నిసార్లు దాన్ని మళ్ళీ తీయగలరు. అందుకే కంప్యూటర్ అమ్మేముందు మామూలు డిలీట్ చాలదు. కావలసినవన్నీ వేరే చోట దాచుకోవాలి. తర్వాత సెట్టింగ్స్‌లో రీసెట్ అనే పని చేయాలి. అందులో అన్నీ తీసేయడం, డ్రైవ్ శుభ్రం చేయడం అనే రెండూ ఎంచుకోవాలి. అప్పుడు పాత ఫైళ్ళను మళ్ళీ తీయడం చాలా కష్టమవుతుంది.

భయపెట్టే కిటికీ

ఇంతలో తెర మీద ఎర్రటి కిటికీ ఒకటి తెరుచుకుంది. గట్టిగా మోత వచ్చింది. "మీ కంప్యూటర్ నిండా వైరస్‌లు ఉన్నాయి. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని అందులో ఉంది.

అంజమ్మ కంగారు పడింది. "ఫోన్ చేద్దామా?"

"వద్దక్కా. ఇది దొంగ మాట." పద్మ ఆ కిటికీ మూసేసింది. మోత ఆగిపోయింది.

ఇలాంటివి చూసి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు తీయగా మాట్లాడతారు. కంప్యూటర్ బాగు చేస్తామంటారు. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే యాప్ ఎక్కించమంటారు. ఎక్కించాక మన తెర వాళ్ళకు కనబడుతుంది. బ్యాంకు వివరాలు లాగుతారు. డబ్బు కాజేస్తారు. నిజమైన హెచ్చరికలో ఫోన్ నంబరు ఇచ్చి పిలవమనరు.

"కంప్యూటర్ ఊడ్చడానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. చీపురు విండోస్‌లోనే ఉంది" అంది పద్మ. "ఒకవేళ మోసపోయి డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకూడదు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది."

అంజమ్మ 1930 అని సున్నం పెట్టి గోడ మీద రాసుకుంది.

తెలుగులో పేర్లు

బుట్టను చివరిసారి చూశారు. కావలసింది ఏదీ లేదని తేల్చుకుని ఖాళీ చేశారు. మళ్ళీ సి డ్రైవ్ చూశారు. అంజమ్మే చదివింది.

"118లో ఖాళీ 40."

గీత ఎర్రగా లేదు. నీలంగా ఉంది.

"ఇప్పుడు మిగిలినవాటిని సర్దుదాం" అంది పద్మ. "పేరు సరిగా ఉంటే పొరపాటు జరగదు. నిన్న స్వాతి చేసిన తప్పు పేరు లేకపోవడం వల్లే జరిగింది."

"పేర్లు తెలుగులో పెట్టొచ్చా?" అని అడిగింది అంజమ్మ.

"ఎందుకు పెట్టకూడదు? విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉంది. ఆన్ చేసుకుంటే చాలు."

స్వాతి మూడు ఫోల్డర్లు చేసింది. అంజమ్మ పేర్లు చెప్పింది. "భూమి కాగితాలు." "స్వాతి చదువు." మూడోదానికి కాసేపు ఆలోచించింది. "నాన్న అని రాయి" అంది. వీడియో మీద ఉన్న అంకెల పేరు తీసి "2021 భోగి" అని పెట్టారు.

ఆ పేర్లు అంజమ్మ తనే చదువుకుంది. కంప్యూటర్‌లో ఏది ఎక్కడ ఉందో ఆమెకు మొదటిసారి తెలిసింది.

ఒక్క చోట ఉంటే చాలదు

"నాన్న వీడియో ఈ కంప్యూటర్‌లో ఒక్కచోటే ఉంది. డిస్క్ పాడైతే ఏం చేస్తారు?" అని అడిగింది పద్మ.

విత్తనాలు రెండు కుండల్లో దాచుకుంటారు. ఒక కుండకు పురుగు పట్టినా రెండోది మిగులుతుంది. ఫైళ్ళ సంగతీ అంతే. స్వాతి ఆ మూడు ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. పెన్‌డ్రైవ్ కూడా పాడవుతుంది. అందుకని ఇంటర్నెట్‌లో తన ఖాతాలో ఇంకో నకలు పెట్టింది. గూగుల్ ఖాతాలో 15 జీబీల దాకా ఉచితంగా దాచుకోవచ్చు. 2015లో మొదలైన ప్రభుత్వ డిజిలాకర్‌లో ఆధార్, మార్కుల జాబితా లాంటివి ఉంచుకోవచ్చు.

అంజమ్మ పెన్‌డ్రైవ్‌ను చిన్న డబ్బాలో పెట్టింది. ట్రంకు పెట్టెలో పాస్‌బుక్ పక్కనే ఉంచింది.

ఆ సాయంత్రమే స్వాతి స్కాలర్‌షిప్ దరఖాస్తు పంపింది. గడువు ఇంకా మూడు రోజులు ఉంది.

భోగి నాడు తెల్లవారుజామున అంజమ్మ మంట వేసింది. చిరిగిన చాప వేసింది. విరిగిన బుట్ట వేసింది. ప్రతిదీ ఒకసారి తిప్పి చూసి వేసింది. తర్వాత ఇంట్లోకి వచ్చింది. తల్లీ కూతుళ్ళిద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అంజమ్మే మౌస్ పట్టుకుంది. "నాన్న" అనే పేరు చదివి, దాని మీద నొక్కింది.

గుర్తుంచుకోండి

1. ముందు చదవాలి. తర్వాత తెరిచి చూడాలి. ఆ తర్వాతే తీసేయాలి.
2. డిలీట్ చేసినది మామూలుగా రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. రెస్టోర్ నొక్కితే తిరిగి వస్తుంది. బిన్ ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది.
3. పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినది బిన్‌లోకి రాదు.
4. టెంపరరీ ఫైల్స్ తీసేటప్పుడు డౌన్‌లోడ్స్ గడిలో టిక్కు పెట్టవద్దు.
5. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లను ముట్టుకోవద్దు.
6. ముఖ్యమైనవి కనీసం రెండు చోట్ల దాచుకోవాలి.
7. భయపెట్టే కిటికీలోని నంబరుకు ఫోన్ చేయవద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి.

కొత్త మాటలు

ఫైలు: కంప్యూటర్‌లో దాచిన ఒక కాగితం, ఫోటో, పాట లేదా వీడియో.
ఫోల్డర్: ఫైళ్ళు పెట్టుకునే సంచి.
డౌన్‌లోడ్: ఇంటర్నెట్ నుంచి దించుకోవడం.
డిలీట్: తీసేయడం.
రెస్టోర్: తీసేసినదాన్ని తిరిగి తెచ్చుకోవడం.
ఫార్మాట్: డిస్క్‌లో ఉన్నవన్నీ తుడిచేయడం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. రవి చెప్పిన మాటకు అంజమ్మ ఎందుకు ఒప్పుకోలేదు?
2. స్వాతి పదకొండు వీడియోలు తీసేసినా జాగా ఎందుకు పెరగలేదు?
3. 20210113 అనే అంకెలను అంజమ్మ ఎలా చదివింది? మీరు పుట్టిన రోజును అలాగే రాయండి.
4. మీ ఇంట్లో కంప్యూటర్ గానీ ఫోన్ గానీ ఉందా? అందులో పోగొట్టుకోకూడనివి ఏమిటి? అవి ఎన్ని చోట్ల ఉన్నాయి?
5. మీరైతే మీ ఫోల్డర్లకు ఏ పేర్లు పెడతారు? మూడు పేర్లు తెలుగులో రాయండి.